తలుపు లేని తాళంచెవి: ఏడో తరగతిలో ఒక కథకి ముందు పది నిమిషాలు

2025 జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యి బడి తెరిచిన వారంలో, ఏడో తరగతి బి సెక్షనులో ఒక కథ మొదలుపెట్టి సగంలోనే ఆపేశాను. రెండు రోజుల తర్వాత అదే కథని సి సెక్షనులో వేరే దారిలో మొదలుపెట్టాను. రెండుసార్లూ మధ్యాహ్న భోజనం తర్వాత వచ్చే అయిదో పీరియడే. మారిందల్లా మొదటి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం చేశాను, ఎక్కడ చెడింది, ఎక్కడ కుదిరింది అనేది తోటి తెలుగు టీచర్ల కోసం పూర్తిగా రాస్తున్నాను.

ముందు పిల్లల సంగతి చెప్పాలి. మా బడి విజయవాడలో సింగ్‌నగర్ వైపు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే బుడమేరుని ఇక్కడివాళ్లు ‘విజయవాడ దుఃఖదాయిని’ అంటారు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, కట్టకి గండ్లు పడి ఆ నీళ్లు మా పిల్లల వీధుల్లోకి వచ్చాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. డాబాల మీద ఉన్నవాళ్లకి పడవల మీదా డ్రోన్ల మీదా భోజనం అందించారు. మా క్లాసుల్లో ఎక్కువ మంది తండ్రులు ఆటో నడుపుతారు, తాపీ పనికి పోతారు, మెకానిక్ షెడ్లలో చేస్తారు. జనవరి నాటికి ఇళ్లు కడిగారు, గోడలకి సున్నం వేశారు, పిల్లలు బడికి వస్తున్నారు. అంతా సర్దుకుందనే నేను అనుకున్నాను.

కథ నేను రాసుకున్నదే, నాలుగు పేజీలు. మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఆవిడ చెప్పిన ఒక చిన్న సంగతి పట్టుకుని అల్లాను. ఉప్పెనలో ఇల్లు పోయిన ఒక మామ్మ విజయవాడలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె కొంగు ముడిలో ఎప్పుడూ ఒక తాళంచెవి ఉంటుంది. ఇల్లే లేనప్పుడు చెవి ఎందుకని మనవడు ఆటపట్టిస్తుంటాడు, ఒకరోజు దాన్ని దాచేస్తాడు. మామ్మ రాత్రంతా వెతుకుతుంది. చివరికి తేలేదేమిటంటే, ఆ చెవి మామ్మ ఇంటిది కాదు. ఉప్పెనకి ముందు రోజు పక్కింటావిడ పుట్టింటికి పోతూ, “నేనొచ్చేదాకా నీ దగ్గర ఉంచు అక్కా” అని ఇచ్చిపోయింది. మళ్లీ రాలేదు. “వస్తే ఏం చెప్పాలిరా?” అంటుంది మామ్మ. అంతటితో కథ అయిపోతుంది.

బి సెక్షనులో ఏం జరిగింది

బీఈడీలో మనందరికీ నేర్పిందే నేనూ చేశాను. ఉన్ముఖీకరణ అంటే పిల్లల పూర్వజ్ఞానం నుంచి మూడు నాలుగు ప్రశ్నలు, చివర వాళ్లు చెప్పలేని ఒక సమస్యాత్మక ప్రశ్న, ఆ వెంటనే బోర్డు మీద శీర్షిక ప్రకటన. ఈ వరుసకి మూలం 19వ శతాబ్దపు జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్. ఆయన చెప్పినవి నాలుగు దశలు. జిల్లర్, రైన్ లాంటి అనుచరులు వాటిని అయిదు సోపానాలు చేశారు. మన పాఠ్యపథకాల్లో ఇప్పటికీ కనిపిస్తున్నది ఆ అయిదింటి నీడే. కొత్త విషయాన్ని పాత విషయానికి ముడివేయడం అందులోని ప్రాణం. భిన్నాలు చెప్పేటప్పుడో, కిరణజన్య సంయోగక్రియ చెప్పేటప్పుడో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

కాబట్టి నా మొదటి ప్రశ్న: “మీలో వరద చూసినవాళ్లు చేతులెత్తండి.”

అన్ని చేతులూ లేచాయి. క్లాసు ఒక్కసారిగా పొంగింది. “మా ఫ్రిజ్జు తేలింది మేడం.” “మేం మూడు రోజులు డాబా మీదే.” “మా వీధిలో ఇంతవరకు” అని ఒకడు ఛాతీ మీద చెయ్యి పెడితే, వెనక బల్లవాడు లేచి నిలబడి తల మీద చెయ్యి పెట్టాడు. ఎవరింట్లో ఎంత లోతు అన్నది పోటీ అయింది. నవంబరులో వేరే ఊరి నుంచి వచ్చి చేరిన ఒక అబ్బాయికి చెప్పడానికేమీ లేదు. వాడు బల్ల చెక్క గీరుకుంటూ కూర్చున్నాడు. కిటికీ పక్కన మూడో బల్లలో ఉండే అమ్మాయి చెయ్యి ఎత్తింది కానీ నోరు విప్పలేదు. కాసేపటికి చేతుల్లో తల దాచుకుని బల్ల మీద వాలిపోయింది. నేను దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే, “తలనొప్పి మేడం” అంది.

పది నిమిషాలు కావాల్సింది అప్పటికి పాతిక నిమిషాలు అయిపోయింది. “సరే, ఇప్పుడు కథలోకి వద్దాం” అని చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీకి వచ్చేసరికి గుసగుసలు. ఒకడు అడిగాడు: “మేడం, ఇది నిజంగా జరిగిందా, కథా?” కథేనన్నాను. “అయితే ఉత్తదే” అన్నాడు పక్కవాడితో, మెల్లగా, ఏ కొంటెతనమూ లేకుండా. వాడి లెక్క సరైనదే. ఇంత నిజం చెప్పుకున్న తర్వాత నా మామ్మా ఆమె తాళంచెవీ వాళ్లకి ఏపాటి? గంట కొట్టేలోపే పుస్తకం మూశాను.

స్టాఫ్ రూములో మా లెక్కల మాస్టారు అంతా విని, “పిల్లలు నీకు సాక్ష్యం చెప్పారమ్మా. సాక్షి బోనులో నిలబడ్డవాడు కథేం వింటాడు?” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి ఆ మాటే కారణం.

కథకి ముందు పిల్లల సొంత జీవితాన్ని అడగడం మనకి బాగా అలవాటైపోయింది. మామూలుగా దాని వల్ల పెద్ద నష్టం కనపడదు, ఎందుకంటే మనం అడిగే ప్రశ్నలు అంత తేలిగ్గా ఉంటాయి. “మీకు అమ్మమ్మ అంటే ఇష్టమేనా?” “ఇష్టమే మేడం” అని కోరస్. “జంతువులను హింసించవచ్చా?” “హింసించరాదు మేడం.” ఆ కోరస్ వస్తే ఉన్ముఖీకరణ అయిపోయిందని టిక్కు పెట్టుకుంటాం. నిజానికి అక్కడ ఇంకా ఏదీ మొదలవలేదు. మన ముఖం చూసి మనకి కావలసిన జవాబు ఇచ్చేశారు, అంతే. ఇక సొంత జీవితాన్ని నిజంగా తాకే ప్రశ్న అడిగితే, బి సెక్షనులో అయినట్టే అవుతుంది. కథకి వాళ్లలో చోటే మిగలదు. పైగా ఎవరి బాధ వాళ్లు నలుగురిలో చెప్పాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. నేను ఆ ఇష్టాన్ని వాళ్లకి వదల్లేదు.

కథ అంటే ఇంకొకరి జీవితం. అందులోకి ముందు ఇంకొకరి గుమ్మం గుండానే పోవాలని నాకు అప్పుడు అనిపించింది. తమ జీవితం వాళ్లే వెంట తెచ్చుకుంటారు, తెచ్చుకోవాలనిపిస్తే.

సి సెక్షను

మా ఇంట్లో అటక మీద అమ్మమ్మ భోషాణం తాళంచెవి ఒకటి ఉంది. భోషాణం ఎప్పుడో పోయింది. అరచేయంత పొడవు, ఇనుపది, తుప్పు పట్టింది, కాడ లోపల బోలు. దాన్ని ఒక పాత చీర ముక్క కొసన ముడివేసి తీసుకెళ్లాను.

క్లాసులోకి వెళ్లి నమస్కారాలయ్యాక ఏమీ మాట్లాడకుండా ముడి విప్పి మొదటి బల్ల మీద పెట్టాను. ఒకటే నియమం చెప్పాను: చెవి చేతిలో ఉన్నంతసేపు మాట్లాడకూడదు, చూసి పక్కవాళ్లకి ఇవ్వాలి. అది బల్ల నుంచి బల్లకి సాగింది. ఒకమ్మాయి వాసన చూసి చున్నీకి వేళ్లు తుడుచుకుంది. ఒకడు బరువు చూశాడు. నాలుగో బల్ల దగ్గర ఒకడు బోలు కాడని కింది పెదవికి ఆనించి ఊదాడు. సన్నగా ఈల మోగింది. మాట్లాడకూడదన్నానుగానీ ఊదకూడదని అనలేదుగా! ఆ తర్వాత ప్రతివాడూ ఊదినవాడే. నేను ఆపలేదు. అందరి ఊపిరీ ఒకసారి అందులోకి వెళ్లింది, ఇప్పుడా చెవి వాళ్లది కూడా.

అది తిరుగుతుండగా బోర్డు మీద ఇలా రాశాను:

“తాళంచెవి ఉంది, తాళం లేదు. తాళం పోయింది, తలుపు పోయింది, ఇల్లూ పోయింది. మామ్మ మాత్రం కొంగు ముడి విప్పదు. ఎందుకు?”

పొడుపుకథ నడకలో రాయడం కావాలని చేసిందే. “అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను” లాంటివి మన పిల్లలు ఇప్పటికీ విప్పుతారు. పొడుపు వినగానే విప్పకుండా ఉండలేకపోవడం మన చెవులకి పుట్టుకతో వచ్చిన గుణం. కథాపాఠానికి ముందు ఇంతకంటే మంచి సాధనం ఎక్కడినుంచో తెచ్చుకోవాల్సిన పని లేదు.

ఇల్లు ఎలా పోయిందో రాయలేదు. ఒకమ్మాయి అడిగింది కూడా, “ఇల్లు ఎట్టా పోయింది మేడం?” అని. “కథలో ఉంది” అన్నాను.

మొదట నోటితో చెప్పమన్నాను. అదొక పొరపాటు. ఇద్దరు చెప్పారు, రెండోవాడు చెప్పినప్పుడు నా తల కొంచెం ఊగినట్టుంది. మూడో, నాలుగో జవాబులు అచ్చం అలాగే వచ్చాయి. వెంటనే ఆపి, పావు కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాసి, మడిచి, పేరు రాయకుండా చాక్‌పీసు డబ్బాలో వేయమన్నాను. రెండు నిమిషాలు. పేరు లేదనగానే ఎప్పుడూ రాయనివాళ్లు కూడా రాశారు. తర్వాత చూసుకున్న చీటీల్లో కొన్ని, వాళ్ల మాటల్లోనే:

“లోపల బంగారం ఉంది. పెట్టె ఎక్కడో ఇసకలో దొరుకుద్ది.”

“మామ్మకి మతిమరుపు. ఇల్లు పోయిందని మర్చిపోయింది.”

“తాళంచెవి కూడా చెవే కదా. మామ్మ దానితో మాట్లాడుకుంటది.”

“పారేస్తే ఇల్లు లేదని ఒప్పుకున్నట్టు.”

ఈ చివరిది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. రాత చూస్తే ఎవరిదో పోల్చుకోగలను, కానీ పేరు వద్దన్నది నేనే కాబట్టి పోల్చుకునే ప్రయత్నం చేయలేదు.

1994లో, మనస్తత్వాన్ని కూడా పరిశోధించే ఆర్థికవేత్త జార్జ్ లోవెన్‌స్టీన్ కుతూహలం గురించి రాసిన వ్యాసంలో ఒక మాట నాకు ఇక్కడ పనికొచ్చింది. ఏమీ తెలియని విషయం మీద మనకి కుతూహలం పుట్టదు. కొంత తెలిసి, ఆ తెలిసినదానికీ తెలుసుకోవాలనుకుంటున్నదానికీ మధ్య ఖాళీ కంటపడితేనే పుడుతుంది. చీటీ రాసిన పిల్లవాడికి ఆ ఖాళీ కంటపడుతుంది. తనదొక ఊహ ఉంది, అది నిలుస్తుందో లేదో కథ చదివితే గానీ తేలదు.

వంతలు

చదవడం మొదలుపెట్టే ముందు ఇంకొకటి చేశాను. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. రాజకీయం వంత కథని వర్తమానానికి ముడిపెడుతూ నిలదీస్తాడు, హాస్యం వంత చిలిపి ప్రశ్నలతో ఆపుతాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారు ఈ కళని ఎంత ఎత్తుకి తీసుకెళ్లారో కృష్ణా, గుంటూరు వైపు పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. కథ మధ్యలో ఆగి ప్రశ్నించడం మన కథ చెప్పే పద్ధతిలో ఎప్పటినుంచో ఉన్నదే. ఊ కొట్టేవాడు లేకపోతే కథే లేదు.

ఇద్దరిని ముందుకి పిలిచి నాకు అటూ ఇటూ నిలబెట్టాను. ఒకరి పని, పేజీ చివర “ఇప్పుడు మామ్మ ఏం చేయాలి?” అని క్లాసుని అడగడం. రెండోవాళ్ల పని, నమ్మశక్యం కానిది ఏదైనా వస్తే “ఆగు, అదెట్టా?” అనడం. మొదటి అమ్మాయి చక్కగా పట్టుకుంది. రెండో పిల్లవాడికి ప్రతి వాక్యం దగ్గరా “ఆగు” అనడం సరదా అయిపోయింది. క్లాసు వాడిని చూసి నవ్వడం మొదలుపెట్టింది, కథ జారిపోతోంది. మొత్తం మూడుసార్లే ఆపొచ్చని లెక్క పెట్టాక, ఎక్కడ వాడుకోవాలా అని వాడే జాగ్రత్తగా వినడం మొదలుపెట్టాడు. ఇది మొదలే చెప్పి ఉండాల్సింది.

ఉప్పెన వచ్చే పేరా దగ్గర క్లాసు ఒక్కసారిగా కదలడం మానేసింది. ఎవరో మెల్లగా “మనకొచ్చినట్టే” అన్నారు. నేను తలెత్తలేదు. ఇంకెవరూ దానికి కలపలేదు. చదువుతూ పోయాను. బి సెక్షనులో పాతిక నిమిషాలు పట్టిన మాట ఇక్కడ ఒక్క మాటలో అయిపోయింది. అన్నవాళ్లు తమకి తామే అనుకున్నారు. నా కోసం అన్నది కాదు.

చివరి పేజీలో చెవి పక్కింటావిడదని తేలగానే ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. “మేడం, మీరు మోసం చేశారు. మామ్మ తాళంచెవి అన్నారు.”

“అన్నానా? బోర్డు చూడు.”

అందరూ బోర్డు చూశారు. ‘మామ్మ మాత్రం కొంగు ముడి విప్పదు’ అని ఉంది, ‘మామ్మ తాళంచెవి’ అని ఎక్కడా లేదు. అప్పుడు ఒకమ్మాయి తన జిరాక్సు కాగితాలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్లూ తిప్పారు. మొదటి పేజీలో మనవడు “ఎవరిది మామ్మా ఇది?” అని అడిగితే మామ్మ “నా దగ్గరుంది” అంటుంది, “నాది” అనదు. ఆ అమ్మాయి ఆ వాక్యం కింద వేలు పెట్టి, “ఇక్కడే చెప్పేసింది మేడం, మనమే వినలా” అంది. ‘నాది’కీ ‘నా దగ్గరుంది’కీ ఉన్న తేడా మీద ఆ తర్వాత జరిగిన చర్చని నేను ఏ వ్యాకరణ పీరియడ్‌లోనూ చూడలేదు. బడి సంచి నాది, లైబ్రరీ పుస్తకం నా దగ్గరుంది. అద్దె ఇల్లు? “మాది అంటాం గానీ మాది కాదు” అన్నాడొకడు. గంట కొట్టినా కాగితాలు తిరుగుతూనే ఉన్నాయి.

మొదలు బాగా కుదిరిందని నేను చెప్పుకునే ఆధారం ఇదొక్కటే. ఎవరూ చెప్పకుండా వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు. అదే నాకు కావలసింది.

ఒక్క చీటీ కూడా ‘సరైన జవాబు’ పట్టుకోలేదు. ఒకడు మాత్రం “ఎవరు గెలిచారు మేడం?” అని పట్టుబట్టాడు. నేను ముందు అడిగిన తీరే గెలుపోటములకి దారి తీసిందని ఒప్పుకోవాలి. ఇప్పుడైతే “ఎవరిది కరెక్టు” అనే మాట రానివ్వను. మధ్య మధ్య ఆగి “మీ చీటీ ఇంకా నిలబడే ఉందా, మార్చుకుంటారా?” అని అడుగుతాను. మార్చుకోవడానికి రెండో పావు కాగితం ముందే ఇస్తాను. ఇంకో లోపం, ఒకే వస్తువు క్లాసంతా తిరిగేసరికి ముందు బల్లలవాళ్లు అప్పటికే విసుగెత్తారు. చెవి తిరుగుతుండగానే చీటీలు రాయించాలి.

ఆ తర్వాత రెండు కథలకి ఈ దారే ప్రయత్నించాను. ఒకదానికి వస్తువేమీ లేకుండా కథలోని ఒక్క సంభాషణ వాక్యం ఇచ్చి, ఇది ఎవరు ఎవరితో ఎప్పుడు అని ఉంటారో రాయమన్నాను. బాగానే నడిచింది. ఇంకోదానికి క్లాసులో ఉన్న డిజిటల్ ప్యానెల్ మీద ఒక ఫొటో వేశాను. పిల్లలు తెరనే చూస్తూ కూర్చున్నారు, ప్రశ్న ఎవరికీ పట్టలేదు. చేతికి అందేది వేరు, కంటికి మాత్రమే అందేది వేరు.

మళ్లీ బి సెక్షను

వారం తర్వాత బి సెక్షనుకి తిరిగి వెళ్లాను. ఈలోగా మంచినీళ్ల కుళాయి దగ్గర సి సెక్షనువాళ్లు తాళంచెవి సంగతీ ముగింపూ అన్నీ చెప్పేశారు. అంటే విడుపు తెలిసిపోయిన పొడుపుకథ మిగిలింది.

ముందు ఒక మాట చెప్పాను: “మొన్న నేను అడిగిన ప్రశ్న అందరినీ అలా అడగాల్సింది కాదు. ఇకనుంచి ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు చెప్పండి, లేకపోతే లేదు.” ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత, “కథ మీకు తెలుసటగా. కథలో లేనిది ఒకటి అడుగుతాను. మామ్మ తర్వాత ఆ చెవి ఎవరి దగ్గర ఉండాలి?” అన్నాను. మళ్లీ పావు కాగితం, మళ్లీ పేరు లేని చీటీ. చదవడం ఈసారి నెమ్మదిగా సాగింది. ప్రతి పాత్ర దగ్గరా “వీడికి ఇవ్వొచ్చా?” అన్న చూపు వాళ్ల ముఖాల్లో కనిపించింది. చాలామంది చెవి దాచిన మనవడికే ఇమ్మన్నారు. “వాడికే దాని విలువ తెలుసు, వాడే ఏడిపించాడు కాబట్టి” అని నవంబరులో చేరిన అబ్బాయి లేచి నిలబడి మరీ చెప్పాడు. ఆ క్లాసులో వాడు అంత పొడుగు వాక్యం మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

సాయంత్రం గంట కొట్టాక సంచి సర్దుకుంటుంటే మూడో బల్ల అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. “ఒకసారి ఇస్తారా మేడం” అని చెవి తీసుకుంది. ఊదలేదు. పళ్ల దగ్గర గోరుతో గీకి చూసింది.

“తుప్పు పోతది మేడం. డీజిల్‌లో నానెయ్యాలి. వరదప్పుడు మా తాళాలన్నీ ఇట్టాగే బిగుసుకుపోయినై. మా నాన్న డబ్బాలో డీజిల్ పోసి వేశాడు.”

“తెరుచుకున్నాయా?”

“రెండు తెరుచుకున్నై” అంది. చెవిని చీర ముక్కలో పెట్టి, నేను కట్టినదానికంటే గట్టిగా ముడివేసి నా చేతికిచ్చి, మెట్లు దిగి వెళ్లిపోయింది.